పది ప్రశ్నల పనితనం

పిల్లవాడు సిగరెట్ తాగుతున్నాడని తెలియగానే పెద్దవాళ్లం అడిగే మొదటి మాట: రోజుకెన్ని? అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ జోసెఫ్ డిఫ్రాంజా, ఆయన సహచరులు 2002లో ప్రచురించిన ప్రశ్నావళిలో ఆ ప్రశ్నే లేదు. దాని పేరు 'హుక్డ్ ఆన్ నికోటిన్ చెక్‌లిస్ట్'. పది ప్రశ్నలు. అవును, కాదు అని చెబితే చాలు. ఇంత చిన్న కాగితంలో ఇంత ఆలోచన ఇమిడి ఉండటం అరుదు.

అంతకుముందు నుంచీ వాడుకలో ఉన్నది ఫాగర్‌స్ట్రామ్ పరీక్ష. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తారు, రోజుకు ఎన్ని తాగుతారు అని అడుగుతుంది. ఏళ్ల తరబడి తాగుతున్న పెద్దలకు అది సరైన కొలతే. కానీ అమ్మానాన్నలతో ఉండే పదమూడేళ్ల పిల్లవాడు లేవగానే ఎక్కడ వెలిగిస్తాడు? వాడికి వారానికి రెండు దొరకడమే గొప్ప. లెక్క ప్రకారం వాడికేమీ కానట్టే! ఇక వేప్‌కి, అంటే ఈ-సిగరెట్‌కి, ఆ లెక్క కూడా అందదు. పీక మిగలదు, బూడిద రాలదు.

అందుకే డిఫ్రాంజా బృందం కొలతనే మార్చేసింది. ఎంత తాగుతున్నాడన్నది వదిలేసి, వద్దనుకున్నప్పుడు వాడి మాట వాడికి చెల్లుతోందా లేదా అన్నది పట్టుకుంది. మానబోయి మానలేకపోయావా? బడిలాంటి చోట ఆపుకోవడం కష్టంగా ఉందా? పదింటిలో ఒక్కదానికి 'అవును' అన్నా పట్టు తప్పడం మొదలైనట్టే.

చివరి నాలుగు ప్రశ్నలు తాగకుండా ఉన్న సమయం గురించి. అసలు పనితనం ఇక్కడుంది. చిరాకు, కుదురులేకపోవడం, చదువు మీద మనసు నిలవకపోవడం ఆ వయసులో ఎవరికి ఉండవు? కాబట్టి ఆ లక్షణాలను ఊరికే అడగలేదు, 'తాగలేకపోవడం వల్ల' అలా అనిపించిందా అని అడిగారు. ఆ రెండు మాటలూ తీసేస్తే వయసు చిరాకుకీ నికోటిన్ చిరాకుకీ తేడా దొరకదు.

ఈ ప్రశ్నావళి వెనక ఓపికైన శ్రమ ఉంది. 1998 నుంచి 12, 13 ఏళ్ల బడిపిల్లలు సుమారు 680 మందిని మళ్లీ మళ్లీ కలిసి మాట్లాడారు. 2000లో వచ్చిన తొలి ఫలితాల్లో, అప్పుడప్పుడు తాగడం మొదలుపెట్టిన 95 మందిలో 60 మందికి కనీసం ఒక వ్యసన లక్షణం కనిపించింది. ఆ 60 మందిలో 62 శాతం మందికి అది రోజూ తాగడం మొదలుకాకముందే, లేదా మొదలవుతున్నప్పుడే వచ్చింది. 'ఎప్పుడో ఒకటి తాగితే ఏమవుతుంది' అనే ధీమాకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఇప్పుడు ఇవే ప్రశ్నలను వేప్ చేసే పిల్లల కోసమూ మార్చి వాడుతున్నారు. మన దేశంలో 2019లోనే ఈ-సిగరెట్లను నిషేధించారు. అయినా మీ ఇంట్లో పిల్లల మీద అనుమానం ఉంటే ఎన్ని తాగావని నిలదీయకండి. కోపం పక్కనపెట్టి, ఈ ప్రశ్నలు అడగండి. 'అవును' అనే జవాబు వస్తే 1800-11-2356కు ఫోన్ చేయండి. అది పొగాకు మానాలనుకునేవారికి ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు.