తీసేయడమే మేలు

ఈ వారం ఒక ఎర్రర్ చూసి మండిపోయాను. పాత రేడియో నాటకాల క్యాసెట్లను ఎంపీత్రీలుగా మార్చే మిత్రుడొకరు తన కంప్యూటర్లో పైథాన్ 3.13 పెట్టుకున్నారు. అంతే, స్క్రిప్టు ఆగిపోయింది. "ఒక్క అక్షరం మార్చలేదండీ!" అని ఫోన్లో వాపోయారు. ఆయన వాడే లైబ్రరీ లోలోపల 'ఆడియోఆప్' మాడ్యూల్‌ని పిలుస్తోంది. అదిప్పుడు పైథాన్‌లో లేదు.

నడుస్తున్న కోడ్ జోలికి పోవద్దని నేనెప్పుడూ పోరేది మీకు తెలుసు. ఆ కోపంతోనే, ఈ తొలగింపుకు మూలమైన పెప్ 594 మళ్లీ చదివాను. క్రిస్టియన్ హైమ్స్, బ్రెట్ కానన్ రాసిన ప్రతిపాదన అది. 'బ్యాటరీలతో సహా' అని పేరుపడ్డ భాషలో చచ్చిన బ్యాటరీలు ఏవో వాళ్లు లెక్కతీశారు. 2022లో 3.11 నుంచి హెచ్చరికలు మొదలయ్యాయి. 2024 అక్టోబరులో 3.13 వచ్చేసరికి 19 మాడ్యూళ్లు పోయాయి. సీజీఐ, టెల్‌నెట్, సన్ కంపెనీ ఆడియో ఫైళ్లు చదివే 'సన్ఏయూ' అందులోవే.

'వేవ్'ని మాత్రం ఉంచారు. వావ్ ఫైళ్లు ఇంకా వాడుకలో ఉన్నాయి, పైగా కంప్యూటర్‌తో చప్పుడు చేయించడం పిల్లలకు నేర్పడానికి అది పనికొస్తుందని కారణం రాశారు. అది చదివాక నా కోపం సగం చల్లారింది. దేన్ని ఎవరు వాడుతున్నారో చూసి మరీ కోశారు.

మిగతా సగం కూడా నిలవలేదు. స్టాండర్డ్ లైబ్రరీలో ఉందంటే ఎవరో కనిపెట్టుకుని ఉన్నారనే నమ్ముతాం. తీసేసిన వాటిలో చాలావాటిని చురుగ్గా చూసే మనిషే లేడు. టార్చిలైట్లో వదిలేసిన సెల్లు కారి స్ప్రింగును తినేసినట్టు, దిక్కులేని మాడ్యూల్ ఆ నమ్మకాన్ని తినేస్తుంది. బయట ప్యాకేజీగా బతికితే, పైథాన్ విడుదల కోసం కాచుకోకుండా లోపం దొరికిన రోజే దిద్దుకోవచ్చు. ఆడియోఆప్ ఇప్పుడు 'ఆడియోఆప్-ఎల్‌టీఎస్' పేరుతో అలాగే బతుకుతోంది. పిప్‌తో దాన్ని వేయగానే నాటకాలు మళ్లీ కదిలాయి.

నా ఫిర్యాదల్లా హెచ్చరిక తీరు మీదే. డెప్రికేషన్ వార్నింగ్ మనం నేరుగా నడిపే స్క్రిప్టులో పుడితేనే తెరమీద కనపడుతుంది. లైబ్రరీ లోపల పుడితే పైథాన్ దాన్ని మింగేస్తుంది. రెండేళ్లు మోగిన గంట మా మిత్రుడికి ఒక్కసారైనా వినిపించలేదు. తీసేయడం ముమ్మాటికీ సబబే, ఇలా గప్‌చుప్‌గా చెప్పడం తప్పు. అది మారేదాకా, వెర్షన్ మార్చే ముందు మీ స్క్రిప్టును ఒకసారి 'డబ్ల్యూ డిఫాల్ట్' ఆప్షన్‌తో నడిపి చూసుకోండి.