పరుపు కింది పనితనం

ప్లైవుడ్ పలక కుంగిందంటే చాలామంది చేసే పని దాని మీద ఇంకో పలక వేసి స్క్రూలు బిగించడం. కొన్నాళ్ళు బాగానే ఉంటుంది. ఆ తర్వాత రెండూ కలిసి కుంగుతాయి, పైగా బరువు రెట్టింపు. ఇంట్లో మంచమైతే ఆ బరువుని ఎవరూ పట్టించుకోరు. కారు వెనక తగిలించి లాక్కుపోయే క్యాంపర్ ట్రైలర్‌లో ప్రతి పౌనుకీ లెక్క ఉంది. ట్రైలర్ సామానుతో సహా ఎంతకి మించకూడదో బయట గోడ మీద స్టిక్కర్ అంటించి ఉంటుంది. ముందు కొక్కెం మీద పడే భారం మొత్తంలో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. చాలా ట్రైలర్లలో మంచం ఉండేది సరిగ్గా ఆ ముందు భాగంలోనే.

మా తోడల్లుడు డాలస్‌లో ఒక పాత ట్రైలర్ కొన్నాడు. మంచం మధ్యలో గుంత. రాత్రి ఎటు తిరిగి పడుకున్నా తెల్లారేసరికి భార్యాభర్తలిద్దరూ ఆ గుంతలోనే తేలుతున్నారట. వాళ్ళ ఎదురింట్లో ఒక పెద్దాయన ఉంటారు. జీవితమంతా ఇళ్ళకి చెక్క చట్రాలు కట్టి రిటైరైన మనిషి. మంచం ఆయన బాగుచేశారు, నేను పక్కన నిలబడి చూశాను. పరుపు వేశాక ఒక్క ముక్క కూడా బయటికి కనిపించని పని అది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ మంచం కట్టుబడి చెప్పాలి. పొడవు 75 అంగుళాలు, వెడల్పు 60. అంటే ఇంట్లో వాడే క్వీన్ పరుపు కన్నా 5 అంగుళాలు పొట్టి. ఒక పక్క ట్రైలర్ గోడ, రెండో పక్క నేల దాకా దిగిన చెక్క పలక. కింద సామాన్ల అర, అందులో ఒక మూల మంచినీళ్ళ ట్యాంకు. తలవైపు మడతబందులు. కాళ్ళవైపు పట్టుకుని లేపితే రెండు గ్యాస్ స్ట్రట్లు పలకని పైనే నిలబెడతాయి. ఫ్యాక్టరీ వాళ్ళు వేసింది 3/8 అంగుళం ప్లైవుడ్. దానికింద ముప్పావు అంగుళం మందం, ఒకటిన్నర అంగుళాల వెడల్పు ఉన్న పైన్ బద్దలు. వాటిని బల్లపరుపుగా పడుకోబెట్టి స్టేపుల్ గన్‌తో కొట్టారు. జిగురు చుక్క లేదు. నేను వాళ్ళని మరీ తప్పుపట్టను. ట్రైలర్ చౌకగా రావాలి, లైను ఆగకూడదు. స్టేపుల్ గన్‌తో చెక్కని చెక్కకి అతికించడం చాలా వేగంగా అయిపోతుంది.

పెద్దాయన వచ్చి పరుపు తీయించారు. పలక మీద ఈ చివర నుంచి ఆ చివరికి ఒక దారం బిగించి పట్టుకోమన్నారు. మధ్యలో దారానికీ చెక్కకీ సందు అంగుళం పైనే. తర్వాత పలక లేపి, అరలోకి దూరి వెల్లకిలా పడుకుని, టార్చి వేసుకుని చూస్తూ ఉండిపోయారు. సుత్తీ లేదు, టేపూ లేదు. పలక మీద పడ్డ బరువు ఏ దారిన నేలకి చేరుతోందో వెతుకుతున్నారని నాకు తర్వాత అర్థమైంది.

చేరడం లేదు. అడ్డబద్దల చివర్లు దేనిమీదా ఆని లేవు. పక్క చట్రానికి స్టేపుల్ పిన్నులతో వేలాడుతున్నాయి. ఇద్దరు మనుషుల బరువు తీగముక్కల మీద. రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడల్లా పిన్ను కదిలి తన బెజ్జాన్ని తనే పెద్దది చేసుకుంది. రెండో లోపం అతుకు. ప్లైవుడ్ షీటు వెడల్పు 48 అంగుళాలు, మంచం 60, కనక అతుకు తప్పదు. ఆ అతుకు ఎక్కడ పడితే అక్కడ, కింద ఏ ఊతమూ లేకుండా పోయింది. కుంగుడు పుట్టింది అక్కడే.

పాత పలకని తిప్పి వేస్తే సరిపోదా అని మా తోడల్లుడు ఆశగా అడిగాడు. నులక మంచం సాగితే కాళ్ళవైపు తాడు బిగిస్తే చాలు, మళ్ళీ వాయిద్యంలా మోగుతుంది. చెక్కకి ఆ వెసులుబాటు లేదు. ఏళ్ళ తరబడి ఒకే బరువు మోసిన చెక్క, బరువు తీసేసినా కొంత వంపు తనలోనే ఉంచుకుంటుంది. పాతదాన్ని ఊడదీసి కొలతలకి మాత్రం వాడుకున్నారు.

ఇక అసలు పని. కొత్తగా తెచ్చిన బద్దలు కూడా పాత కొలతవే, ముప్పావు, ఒకటిన్నర. ఈసారి వాటిని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టారు. బద్ద వంగకుండా నిలిచే బలం వెడల్పు ఎంత పెరిగితే అంతే పెరుగుతుంది, ఎత్తు పెరిగితే మాత్రం ఘనం లెక్కన పెరుగుతుంది. నిలబెట్టినప్పుడు ఎత్తు రెట్టింపై బలం ఎనిమిది రెట్లవుతుంది, వెడల్పు సగమై అందులో సగం పోతుంది. మిగిలింది నాలుగు రెట్లు. అదే చెక్క, అదే ధర, అదే బరువు. దీనికి చెల్లించిన మూల్యం కింది అరలో ముప్పావు అంగుళం ఎత్తు. ట్యాంకు మూత తగలదని ముందే కొలిచి చూసుకున్నారు.

బద్దలు ఎంచిన తీరు చూడాలి. ఒక్కో బద్దనీ కంటి దగ్గర పెట్టుకుని, రెండో కన్ను మూసి, చివర దాకా చూసేవారు. ఏ బద్దా పూర్తిగా తిన్నగా ఉండదు. ఎటో ఒకవైపు కాస్త ఉబ్బు ఉంటుంది. ఉబ్బు ఎటుంటే అటు పెన్సిల్‌తో బాణం గుర్తు వేసి, బాణం పైకి ఉండేలా అమర్చారు. మనుషులు పడుకున్నప్పుడు ఆ ఉబ్బు అణిగి సమం అవుతుంది. బాణం కిందికి పెట్టి ఉంటే మంచం పుట్టుకతోనే కుంగి ఉండేది. పక్కకి మెలితిరిగిన రెండు బద్దల్ని పారేయలేదు. వాటిని చిన్న ముక్కలుగా కోసి, బద్దకీ బద్దకీ మధ్య బిగించారు. అంత చిన్న ముక్కలో మెలిక తెలియదు.

అయినా 60 అంగుళాల దూరానికి ఆ బద్దలు చాలవు. అందుకని అర మధ్యలో, మంచం పొడుగునా, నేల మీద నిలిచే ఒక నిలువు పలక పెట్టారు. దూరం సగమైంది. బద్ద పొడుగునా సమంగా పరుచుకున్న బరువుకి, ఊతాల మధ్య దూరం సగం చేస్తే వంపు పదహారో వంతుకి పడిపోతుంది. దళసరి ప్లైవుడ్ కొని ఇంత లాభం తేవాలంటే ట్రైలర్ కొక్కెం మొరపెట్టుకునేది. నిలువు పలకలో చెయ్యి దూరేంత కోలగా ఒక కంత కోశారు, అవతల పెట్టిన సామాను ఇవతల నుంచి అందుకోవడానికి. ప్లైవుడ్ అతుకుని కూడా తెచ్చి సరిగ్గా ఈ పలక నెత్తిన పెట్టారు. ఒక్కో ముక్క 30 అంగుళాలు. షీట్లు రెండు పట్టాయి, చెక్క కొంత వృథా అయింది. ఆ వృథా ఆయన తెలిసి చేసిందే. కొత్త ప్లైవుడ్ అర అంగుళం మందం. దాని పైపొర ఈనె బద్దలకి అడ్డంగా ఉండేలా పరిచారు, ఎందుకంటే ప్లైవుడ్ ఆ దిశలోనే బలంగా నిలుస్తుంది.

బద్దల చివర్లు ఆనడానికి ఇరువైపులా పట్టీలు కావాలి. చెక్క పలకవైపు పెద్ద ఇబ్బంది లేదు. ట్రైలర్ గోడ వైపే చిక్కు. లోపల పల్చటి ప్యానెల్, బయట రేకు, మధ్యలో అక్కడక్కడా సన్నటి నిలువు కర్రలు. స్క్రూ తప్పితే గాల్లోకి పోతుంది, పొడుగైతే రేకు చీల్చుకుని బయటికి వస్తుంది. ఆయన జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి గోడ మీద జరుపుతూ పోయారు. ప్యానెల్ కింద స్టేపుల్ పిన్నులు ఉన్నచోట అది అంటుకుంది. పిన్నులున్నాయంటే వెనక కర్ర ఉన్నట్టే. డ్రిల్ బిట్టుకి ఎంత లోతు దిగాలో అంత దూరంలో రంగు టేపు చుట్టారు. టేపు గోడని తాకగానే ఆపెయ్యాలి. ఇంత జాగ్రత్తగా బిగించాక కూడా ఆ స్క్రూలని నమ్మలేదు. పట్టీ కింద నేలదాకా పొట్టి కర్రలు నిలబెట్టారు. బరువు వాటిమీదుగా నేలకి పోతుంది. స్క్రూలు పట్టీ పక్కకి ఒరగకుండా పట్టుకుంటాయి, అంతే.

జిగురు పూసినచోట స్క్రూలు డ్రిల్‌తో దింపి, చివరి రెండు మూడు చుట్లు చేత్తో తిప్పారు. ముప్పావు అంగుళం అంచులోకి దిగే స్క్రూ కదా, మోటారు ఒక్క చుట్టు ఎక్కువ తిప్పితే బద్ద చీలిపోతుంది. ప్రతి స్క్రూకీ ముందు సన్న బెజ్జం. జిగురు అంచునుంచి సన్నటి గీతలా పొంగితే సరే. ఎక్కడ పొంగలేదో అక్కడ స్క్రూలు విప్పి మళ్ళీ పూశారు. పరుపు కింద చెమ్మ చేరి బూజు పట్టకుండా బద్దల మధ్య వరసగా గుండ్రటి కంతలు కోశారు. పలక ఆనే పట్టీల మీద కిర్రుమనకుండా ఫెల్టు గుడ్డ అతికించారు. రంగు మాత్రం వేయలేదు. అంచులకైనా ఒక పూత వేసుంటే బావుండేదని నా అభిప్రాయం, నీళ్ళ ట్యాంకు పక్కనే ఉంది మరి.

పాత పలకనీ కొత్తదాన్నీ బాత్‌రూమ్ తూకం మీద తూచారు. పెరిగింది పదిహేను పౌన్లలోపే. స్ట్రట్ గొట్టం మీద న్యూటన్లలో అచ్చయిన అంకె చదివి, కాసేపు లెక్కేసుకుని, ఇవే చాలన్నారు. పరుపుతో సహా లేపి వదిలితే పైనే ఆగింది.

నిలువు పలకకి మాత్రం ఆయన జిగురు తగలనివ్వలేదు. ట్యాంకు ఎప్పుడైనా కారితే దాన్ని బయటికి తియ్యాలి, దారికి ఈ పలకే అడ్డం. నాలుగు స్క్రూలు విప్పితే ఊడొస్తుంది. ఏ నాలుగో వెతుక్కోకుండా వాటి చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టి పెట్టారు.