భూగర్భస్మృతియు ఛాయాపటమును

రామగుండము, గోదావరిఖని ప్రాంతములందు వెలికిఁ దీయఁబడు బొగ్గు 25 కోట్ల యేండ్లకుఁ బూర్వపు వృక్షముల యవశేషము. ఐర్లండు దేశపు బురదనేలలందు దొరకు పీట్ అను వంటచెఱకును అట్టి పరిణామమునకే తొలిమెట్టు. అచ్చట నాచు మొదలగు మొక్కలు నీటిలోఁ బూర్తిగాఁ గుళ్లక పొరలు పొరలుగాఁ బేరుకొనును. నేల తాను మ్రింగినదానిని దాఁచియుంచుననుట రెండుచోట్లను బ్రత్యక్షము. కాలమును, మృత్యువును గూర్చిన కవిత్వమును విమర్శించుట కీ సామ్య మొక త్రోవ చూపుచున్నది.

ఐరిష్ కవియగు షేమస్ హీనీ (1939–2013) ఈ త్రోవనే నడచెను. 1966లో వెలువడిన సంపుటమునందలి మొదటి పద్యమున తండ్రి దుంపలు త్రవ్వుటను, తాత పీట్ కోయుటను స్మరించి, తాను కలముతోఁ ద్రవ్వెదనని నిశ్చయించుకొనెను. 1950లో డెన్మార్కు దేశపు బురదనేలలో ఒక శవము దొరకెను. రెండువేల యేండ్లు గడచినను దాని ముఖము చెడలేదు. దానిపై హీనీ రచించిన పద్యము 1972 నాటి సంపుటమునఁ గలదు. ఆ ప్రాచీనమరణమున నాతఁడు తన దేశమునందలి హత్యలను జూచెను. ఆతనికి స్మృతి యనఁగా లోఁతు. కాలము దాఁచును, కవి వెలికిఁ దీయును.

మన యలిశెట్టి ప్రభాకరుని మార్గము వేఱు. ఆతని జగిత్యాలయు, గోదావరిఖనియు 2016 వఱకు నొక్క కరీంనగరు జిల్లాలోనివే. ఆతఁడు వృత్తిచే ఛాయాచిత్రకారుఁడు. 'ఎర్ర పావురాలు' (1978) మొదలు 'సిటీ లైఫ్' (1992) వఱకుఁ గల కృతులలో కొలఁది పంక్తుల కవితలే మిక్కిలి ప్రసిద్ధములు. క్షయవ్యాధిచే 1993 జనవరి 12న మరణించెను. లోఁతుగాఁ ద్రవ్వుటకు వలయు తీఱిక నాయువు ఆతని కీయలేదు. ఛాయాపటము క్షణకాలపు వెలుఁగును బట్టి నిలుపును; ఆతని కవితయు నట్టిదే. ఆఁకలి, నగరము, రోగము ఒక్కొక్క రూపమున మెఱసి నిలుచును. ఆతనికి స్మృతి గతమునుండి తెచ్చునది గాదు, రాఁబోవువారికై యుంచునది.

ఇంత చిన్నవి కావ్యములగునా యని కొందఱు శంకింపవచ్చును. అమరుకుని ముక్తకములు ఒక్కొక్కటియుఁ బ్రబంధమువలె రసమును స్రవించునని ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోకమునఁ జెప్పియే యున్నాఁడు. కావున కొలఁత దోషము గాదు. ప్రభాకరుని కవితలలోఁ గొన్ని శబ్దచమత్కారముతోనే ముగియుననియు, రెండవ పఠనమునకు నిలువవనియు నంగీకరింపవలెను. ధ్వని గలవి మాత్రము చదివిన కొలఁదిని పెరుఁగును. అట్టివానినిఁ జూచియే కవిని దూఁచవలెను.

బొగ్గుగనుల సీమవారి కీ భేదము సులభముగఁ దెలియును. త్రవ్విన బొగ్గు మండి బూడిదయగును. గనిలోనికి దిగి మరలిరానివాని ముఖము ఇంటిగోడనున్న పటమున మిగులును. హీనీ కవిత్వ మా గనిని దలఁపించును. ప్రభాకరుని కవిత్వ మాపటమును. మొదటిదానిని గొప్పదని పఠించి, రెండవదానిని అల్పమని త్రోయుట న్యాయము గాదు. పాఠములను నిర్ణయించు పండితు లీ విషయమును విచారింతురుగాక.