చీకటిలో దాగిన సంఘము

చరిత్రమును చదివించుటకంటె నాడించుటయే మేలను నభిప్రాయము పాశ్చాత్య దేశములలో విద్యాశాలలయందును దేవాలయములయందును బలపడి యున్నది. అమెరికాలోని ప్రొటెస్టంటు సంఘముల యువజన సమాజములలో నాడు నొక యాట యిందుకు చక్కని యుదాహరణము. దాని పేరును తెనుగున "రహస్య సంఘము" అనవచ్చును. రాత్రివేళ దీపము లార్పి, పిల్లలలో కొందఱిని రోమను సైనికులుగను తక్కినవారిని ఆదిమ క్రైస్తవులుగను నిలుపుదురు. క్రైస్తవులు చీకటిలో తడవుకొనుచు బోయి, ఎక్కడనో దాగియున్న సంఘమును కనుగొనవలెను. త్రోవలో సైనికులకు చిక్కిరా, చెఱసాలకు బోవలసినదే. చేప బొమ్మను సంకేతముగ వాడుటయు గలదు. తుదకందఱు నొకచోట గూడి దీపములు వెలిగించి, పాటలు పాడి, ప్రార్థించి యిండ్లకు బోవుదురు. నియమములు చోటుచోటునకు మాఱుచుండును, సార మిదియే.

ఆటగా దీనిని నిందింప బనిలేదు. దాగుడుమూతలు పిల్లల కెల్లదేశములలోను ప్రియమే. సైనికుల వేషము దొరకిన పిల్లవాని సంతోషము చెప్ప నలవికాదు. హింసితుల పక్షమున నుండుటకంటె హింసించు పక్షమున నుండుటయే యెక్కువ వేడుకగా దోచు నీ యాటలో, ఆ సంగతిని పెద్దలెవ్వరును పిల్లలతో ముచ్చటింపకుండుట మాత్రము వింత. అది యటుండె. దీనిని పూర్వుల విశ్వాసమును బోధించు పాఠముగ నాడించుచున్నారు గావున, పాఠముగనే విమర్శింపవలసి యున్నది.

చిన్న సంగతులు ముందుగ జెప్పెదము. గ్రీకు భాషలో చేప యను పదములోని యక్షరములు "యేసు, క్రీస్తు, దేవుని, కుమారుడు, రక్షకుడు" అను మాటల మొదటి యక్షరములగుటచే నా గుర్తు క్రైస్తవులకు బ్రియమైనదనుట నిజమే. కాని యొకడు నేలపై సగము చేపను గీయగా రెండవవాడు మిగిలిన సగము గీచి తన్ను దెలుపుకొనెడివా డను కథకు ప్రాచీన సాక్ష్యము లేదు. రోము నగరమున భూమి క్రింద ద్రవ్విన సమాధులలో క్రైస్తవులు కాపురముండి దాగిరనుటయు నట్టిదే. అవి శవములను బూడ్చు తావులు. ప్రభుత్వ మెఱుగనివియు గావు. 257లో వలేరియను చక్రవర్తి క్రైస్తవులు తమ శ్మశానములలో బ్రవేశింపరాదని యాజ్ఞాపించెను. ఎఱుగని చోటును మూయించు రాజుండునా?

ఇక పెద్ద సంగతి. ఈ యాటలో సైనికుడు వెదకును, క్రైస్తవుడు పరుగెత్తును. కాని చిరకాలము వ్యవహారమట్లు నడవలేదు. 112 ప్రాంతమున బితూనియ దేశము నేలుచుండిన ప్లినీ యను నధికారి త్రాజను చక్రవర్తికి వ్రాసిన లేఖయు, దానికి వచ్చిన ప్రత్యుత్తరమును నేటికిని నిలిచి యున్నవి. క్రైస్తవులను వెదకరాదనియు, పేరులేని యభియోగ పత్రములను గైకొనరాదనియు, ఎవరైన నెదుట నిలిచి నేరము మోపి ఋజువు చేసినచో మాత్రము శిక్షింపవలెననియు చక్రవర్తి వ్రాసెను. అనగా భయము దివిటీ పట్టుకొని వచ్చు సిపాయి వలన గాదు. ప్రక్క యింటివాని వలన. పట్టుబడినవానిని ప్లినీ ముమ్మాఱడిగెడివాడు. కాదని చెప్పి, దేవతలను దలచి, చక్రవర్తి ప్రతిమకు ధూపమును మద్యమును సమర్పించి, క్రీస్తును దూషించినవాడు విడుదల పొందెడివాడు. తరువాతి కాలమున వెదకి పట్టుకొనుటయు వచ్చినది గాని, అప్పుడును పరీక్ష కాళ్లకు గాదు, నోటికి. చిటికెడు సాంబ్రాణి వేసిన బ్రదుకవచ్చును. ఆటలో నీ సాంబ్రాణి యెక్కడను లేదు. చిక్కిన పిల్లవా డేమియు నిర్ణయింప నక్కఱలేదు. చిక్కనివాడు చుఱుకైనవాడు మాత్రమే.

స్త్రీల మాట చెప్పనే లేదు. సంగతి తెలిసికొనుటకై ప్లినీ హింసపెట్టించినవారు సంఘ పరిచారికలైన యిద్దఱు దాసీలు. 203లో కార్తేజి పట్టణమున మృగములపాలైన పెర్పెతువ యిరువదిరెండేండ్ల కులస్త్రీ, చంటిబిడ్డ తల్లి. ఆమె చెఱసాలలో వ్రాసికొనిన దినచర్యలో మనస్సును కలచు ఘట్టము సింహముల బోను కాదు. నెరసిన తల జూపి, బిడ్డను జూపి, "మా యందు దయయుంచు" మని వేడుకొన్న తండ్రి. ఆమెతోడి దాసి ఫెలిసితకు చెఱలోనే యాడుబిడ్డ కలిగెను. ఆ తండ్రి వేషము నొక పిల్లవాని కిచ్చి చూతురేని, ఆ రాత్రి దీపములు వెలిగిన పిమ్మట జరుగు సంభాషణము వేఱుగా నుండును.

250లో దేకియు చక్రవర్తి ప్రజలెల్లరు దేవతలకు బలులర్పించి, యధికారులయొద్ద సాక్షిపత్రములు పొందవలెనని శాసించెను. అట్టి పత్రములు నలువదికి మించి ఐగుప్తు దేశపు టిసుకలో దొరకినవి. వానిలో నొకటి మొసలి దేవుని పూజారిణిది! ఆమెయు తన భక్తిని ఋజువుపఱచుకొనవలసి వచ్చెను. క్రైస్తవులలో ననేకులు బలి యిచ్చిరి. కొందఱు బలి యీయకయే లంచమిచ్చి పత్రము గొనిరి. కొందఱు చెఱకు బోయిరి. కార్తేజి బిషప్పగు సిప్రియను దాగుకొనెను. అందులకు నిందయు బడెను. హింస తగ్గగానే అసలు చిక్కు బయటపడినది. బలి యిచ్చినవారు మరల గుడి వాకిట నిలిచిరి. వీరిని జేర్చుకొనవలెనా? రోములో నొవాతియను కూడదనెను, సంఘము చీలెను. 251లో కార్తేజిలో బిషప్పులు గూడి, పత్రము మాత్రమే కొన్నవారిని విచారించి చేర్చుకొనవచ్చు ననియు, బలి యిచ్చినవారు దీర్ఘ ప్రాయశ్చిత్తము చేసి మరణకాలమున సమాధానము పొందవచ్చు ననియు నిర్ణయించిరి. చెఱ ననుభవించి వచ్చినవాని ప్రక్కను, తప్పుడు పత్రము కొన్నవాడు కూర్చుండు టెట్లు? సంఘము నిజముగ నాడవలసిన యాట యిది. పాటలతో ముగియు నా రాత్రికి మఱునాటి యుదయమే లేదు.

దీనితో బోల్చిచూడదగిన మఱియొక యాట కళాశాలలలో గలదు. న్యూయార్కులోని బర్నార్డు కళాశాలలో మార్కు కార్న్సు అను చరిత్రాచార్యుడు 1990ల చివర నారంభించిన పద్ధతి ననుసరించి, హెండర్సను, కిర్కుపాట్రికు అను వారు 325 నాటి నికయ సభను రచించిరి. విద్యార్థులు బిషప్పుల వేషములు ధరించి, వాదించి, యొప్పించి, తీర్మానము చేయవలెను; చరిత్రమున జరిగినట్లే జరుగవలెనను నిర్బంధము లేదు. ఇది మేలు. ఇందు బుద్ధికి పనిగలదు. అయినను ఓడిన విద్యార్థికి దేశాంతరవాసము లేదు గదా! నాడు ఆరియుసుతో గూడ వెడలగొట్టబడినవారు థెయోనాసు, సెకుందుసు అను లిబియా బిషప్పు లిద్దఱే; చేవ్రాలు చేసి తన సంఘమునకు సంజాయిషీ వ్రాసికొన్న కైసరయ యూసెబియువంటి వారును గలరు. గెలిచిన పక్షమువాడగు అతనాసియు తరువాత నైదుమాఱులు ప్రవాసమున కేగెను. ఓట్లు లెక్కించుటతో నీ యాట ముగియును. కలహము మఱి యర్ధశతాబ్దికి పైగా నడచినది.

పిల్లల యాటలో లేని యధ్యాయము మఱియొకటి గలదు. 380లో థియొదోసియు చక్రవర్తి నికయ మతమునే ప్రజలెల్లరు నవలంబింపవలెనని శాసించెను. 385 ప్రాంతమున ట్రీర్ పట్టణమున ప్రిసిల్లియను అను బిషప్పును మంత్రప్రయోగ నేరముపై క్రైస్తవ ప్రభువే తల గొట్టించెను. అతనిపై నేరము మోపినవారును బిషప్పులే. తూరు నగరపు మార్టిను వలదని వేడుకొనినను ఫలింపలేదు. నూఱేండ్లు నిండకయే దివిటీ చేతులు మాఱినది. కావున, ఆట సగమైన తరువాత వేషములు మార్చి, క్రైస్తవ బాలుని చేతికి దివిటీ యిచ్చి, వెదకుమని చెప్పవలెను. పత్రముల బల్లయొద్ద నొకనిని, తండ్రిగా నొకనిని నిలుపవలెను. మఱునా డుదయమున గుడి తలుపు తీయవలెనో వలదో పిల్లలచేతనే తీర్మానింపజేయవలెను. ఇట్లాడించు సంఘ మేదైన గలదేని, దాని నియమములను జూడ గోరుచున్నాము.