కన్ను ముందు, గొట్టం తర్వాత

పూజల సందడి ముగిసి రాత్రిళ్లు కాస్త చల్లబడేసరికి, కోల్‌కతాలో తెలిసిన తెలుగువాళ్ల దగ్గర నుంచి నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "అన్నయ్యగారూ, పాప పుట్టినరోజు వస్తోంది. టెలిస్కోప్ కొనిద్దామనుకుంటున్నాం. ఎనిమిది వేలు దాటకూడదు. ఏది తీసుకోమంటారు?" అడిగేవాళ్లు అప్పటికే ఒకటి చూసిపెట్టుకుని ఉంటారు. ఫోన్‌కు ఫొటో కూడా వస్తుంది. అట్టపెట్టె మీద రంగురంగుల శనిగ్రహం, పక్కనే పెద్ద అక్షరాల్లో '525 రెట్లు'.

ఆ అంకె అబద్ధమేమీ కాదు. టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ను, కన్ను ఆనించి చూసే ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని రెట్లో తేలుతుంది. 700 మిల్లీమీటర్ల దానికి 4 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 175. మధ్యలో మూడింతలు చేసే బార్లో లెన్స్ దూరిస్తే 525. లెక్క సరిపోయింది. అయితే ముందున్న పెద్ద లెన్స్ వెడల్పు 60 మిల్లీమీటర్లే అయితే, అది చూపించగల వివరం 120 రెట్ల దగ్గరే అయిపోతుంది. మిల్లీమీటరుకు రెండు రెట్లు అన్నది ఈ వ్యాపకంలో ఉన్నవాళ్లు నోటిమీద ఉంచుకునే లెక్క. అది దాటాక శని పెద్దదవుతుంది గానీ కొత్తగా ఏమీ కనిపించదు. పలచటి మజ్జిగలో ఇంకో చెంబు నీళ్లు పోసినట్టే.

ఇంకో చిక్కు భూమి తిరగడంతో వస్తుంది. ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. 175 రెట్ల దగ్గర ఐపీస్‌లో కనిపించే ఆకాశం పావు డిగ్రీకి కాస్త అటూ ఇటూ, అంటే నిండు చందమామ వెడల్పులో సగం. గ్రహం ఈ కొస నుంచి ఆ కొసకు నిమిషంలో దాటిపోతుంది. ఆ నిమిషంలోనే పిల్ల ఫోకస్ తిప్పాలి. తిప్పగానే సన్నకాళ్ల ట్రైపాడ్ వణుకుతుంది. వణుకు ఆగేసరికి గ్రహం వెళ్లిపోయి ఉంటుంది. అదే టెలిస్కోప్‌కు 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 28 రెట్లే, కానీ దాదాపు రెండు డిగ్రీల ఆకాశం, ఆరేడు నిమిషాల తీరిక. చందమామ మీది గుంతలకు ఆ 28 హాయిగా చాలు. 1610 జనవరిలో గెలీలియో గురుగ్రహం చుట్టూ తిరిగే చంద్రుల్ని పట్టుకున్నది సుమారు 20 రెట్లు పెంచే గొట్టంతోనే.

అందుకే దుకాణంలో పెట్టె మీది అంకె చదవొద్దు, వేలితో గొట్టం మీద తట్టి చూడమంటాను. వణుకు రెండు మూడు సెకన్లలో ఆగిపోవాలి. ఇంకా ఊగుతుంటే అది ఎంత మంచి లెన్స్ అయినా వదిలేయాలి. తక్కువ డబ్బులో కొనేటప్పుడు ముందు స్టాండుకు డబ్బు పెట్టాలి, మిగిలినదానితో లెన్స్ కొనాలి. అమ్మేవాళ్లు దీన్ని తలకిందులు చేస్తారు, ఎందుకంటే నిలకడను అట్టపెట్టె మీద అంకెగా వేయలేరు.

కోల్‌కతాకు సొంత షరతులు కొన్ని ఉన్నాయి. ఈ ఊరు ఇరవై రెండున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. లండన్‌లో గ్రహాలు చాలా ఏళ్లు దిగంతం పొగలో ఈడ్చుకుంటూ కనిపిస్తాయి. ఇక్కడ మాత్రం గురుడు కొన్ని ఏళ్లు నడినెత్తికి వస్తాడు. అది అదృష్టమే, కానీ లెన్స్ టెలిస్కోప్ నిటారుగా పైకి తిప్పితే ఐపీస్ నేల వైపుకి దిగిపోతుంది, పిల్ల మెడ విరుచుకోవాలి. చూపును పక్కకు మళ్లించే డయాగనల్ తప్పనిసరి. ధ్రువ నక్షత్రమేమో ఇక్కడ ఇరవై రెండున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఉత్తరాన నాలుగంతస్తుల ఇల్లు లేచిందంటే ఇక కనపడదు. కాబట్టి ధ్రువం వైపు సరిచూసుకోవాల్సిన ఈక్వటోరియల్ స్టాండు మొదటిసారికి వద్దు. కిందికీ పైకీ, కుడికీ ఎడమకీ తిరిగే మామూలు స్టాండు చాలు.

నగరపు వెలుతురు గురించి కూడా అడుగుతారు. చందమామకు, గ్రహాలకు, జంట నక్షత్రాలకు వీధి దీపాలతో పెద్ద పేచీ లేదు. గెలాక్సీలకే ఉంది. ఎనిమిది వేలు పెట్టినా ఎనభై వేలు పెట్టినా బాలీగంజ్ డాబా మీద నుంచి సుడులు తిరిగే గెలాక్సీ ఫొటోలో లాగా కనిపించదు. ఈ మాట ముందే పిల్లకు చెప్పాలి. పెట్టె మీది బొమ్మ చూసి ఆశపడ్డ పిల్ల మొదటి రాత్రే డీలా పడిపోతుంది.

ఈ ఊళ్లో టెలిస్కోప్ మాట వస్తే నాకు గుర్తొచ్చేది రాధాగోవింద చంద్ర. సియాల్దాలో లోకల్ రైలెక్కితే వచ్చే బారాసాత్‌లో 1975లో కన్నుమూశారు. పుట్టింది 1878లో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్ దగ్గర. ప్రవేశ పరీక్ష గట్టెక్కలేక జెస్సోర్ ట్రెజరీలో చిన్న ఉద్యోగంలో చేరారు. నక్షత్రాలు గుర్తుపట్టడం నేర్పింది ఆ ఊరి వకీలు కాళీనాథ్ ముఖర్జీ. ఆయన నక్షత్ర పటాలు తయారుచేస్తుంటే ఈయన సాయపడ్డారు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు ఈయన చేతిలో ఉన్నవి బైనాక్యులర్సే. మూడంగుళాల టెలిస్కోప్ ఇంగ్లండు నుంచి తెప్పించుకున్నది 1912లో, ముప్పై దాటాక.

ఆయన్ని ప్రపంచానికి చూపించింది ఆ టెలిస్కోప్ కాదు. 1918 జూన్‌లో అక్విలా నక్షత్రమండలంలో అంతకుముందు లేని ఒక ప్రకాశవంతమైన చుక్క ఆయన మామూలు కంటికే తగిలింది. పాత చుక్కలన్నిటితో ముఖపరిచయం ఉన్నవాడికే కొత్తముఖం తెలుస్తుంది. ఆ నోవా సంగతి హార్వర్డ్‌కు రాశారు. తర్వాత వెలుగు మారే నక్షత్రాలను పరిశీలించే అమెరికన్ సంఘంలో చేరి, ఆ మూడంగుళాల దానితోనే ఏళ్ల తరబడి లెక్కలు పంపారు. ఆ పని చూసి 1926లో ఆ సంఘం ఆరంగుళాల టెలిస్కోప్‌ను సముద్రం దాటించి ఆయన వాడకానికి పంపింది. అది ఛార్లెస్ ఎల్మర్ అనే అమెరికన్ సభ్యుడిది. 1950ల దాకా రాధాగోవింద నమోదు చేసిన పరిశీలనలు ముప్పై వేలు దాటాయి. ఆయన పని ముగిశాక ఆ టెలిస్కోప్ ఖగోళ శాస్త్రవేత్త వైణు బప్పు చేతికి వెళ్లింది. ఆ బప్పు మన హైదరాబాద్‌లో, తండ్రి పనిచేసిన నిజామియా అబ్జర్వేటరీ నీడన పెరిగినవాడే.

ఈ వరస చూడండి. ముందు కన్ను, తర్వాత బైనాక్యులర్స్, తర్వాత మూడంగుళాలు, తర్వాత ఆరు. ప్రతి మెట్టులోనూ చేతిలో ఉన్నది చాలదని తేలాకే పెద్దది వచ్చింది. మనం పిల్లలకు చేసేది దీనికి తిరగేసి. ఆకాశంలో ఒక్క చుక్క పేరు తెలియని పిల్ల చేతికి ఆఖరి మెట్టు ఇచ్చి ఎక్కమంటాం. ఎక్కలేకపోతే పిల్లకు ఆసక్తి లేదంటాం.

కాబట్టి ఫోన్ చేసినవాళ్లను నేను మొదట అడిగేది బడ్జెట్ గురించి కాదు. పాప డాబా మీదికి తీసుకెళ్తే కృత్తికలు చూపించగలదా? కార్తీక పౌర్ణమి నాడు చందమామ పక్కనే ఉండే ఆ పిల్లలకోడిని గుర్తుపట్టగలదా? లేదంటే ఈ ఏడాదికి 7×50 లేదా 10×50 బైనాక్యులర్స్, ఒక నక్షత్రపటం కొనమంటాను. కృత్తికల గుంపు చిన్న టెలిస్కోప్‌లో కన్నా బైనాక్యులర్స్‌లోనే నిండుగా ఉంటుంది. ఆకాశం మబ్బుపట్టిన రోజున వాటితో చెట్టుమీది పిట్టల్నీ చూడొచ్చు. గుర్తుపట్టగలదంటే 70 మిల్లీమీటర్ల లెన్స్, 700 ఫోకల్ లెంగ్త్, డయాగనల్, 25, 10 మిల్లీమీటర్ల ఐపీస్‌లు. ఐపీస్ గొట్టం వెడల్పు అంగుళంపావు ఉండాలి. రేపు ఇంకో మంచి ఐపీస్ కొనుక్కుంటే అదే పడుతుంది.

పెట్టెలో ఐపీస్‌కు బిగించే నల్లటి 'సన్ ఫిల్టర్' ఉంటే పిల్ల చూడకముందే పగలగొట్టి పారేయండి. లెన్స్ గుమిగూర్చిన ఎండ వేడికి ఆ గాజు పగలొచ్చు, దాని వెనకే కన్ను ఉంటుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు వైపు మొత్తం కప్పే సరైన ఫిల్టర్ వేరే కొనాలి. అంతవరకు టెలిస్కోప్ సూర్యుడి వైపు తిరగకూడదు. ఇక ఈ ఊరి వానాకాలం తేమలో పెట్టెలో మూసిపెట్టిన లెన్స్ మీద ఫంగస్ పాకుతుంది. సిలికా జెల్ పొట్లాలు వేసి, వాన వెలిసిన రోజున మూత తీసి గాలి తగలనివ్వాలి.

వీటన్నిటికన్నా ఖరీదైనది పెద్దవాళ్ల సాయంత్రం. మొదటి నెలంతా పక్కన ఎవరో ఒకరు నిలబడి, గొట్టం మీది చిన్న గురిగొట్టాన్ని, అంటే ఫైండర్‌ను, పగలే దూరంగా ఉన్న వాటర్ ట్యాంకు మీదకు సరిచేసి, చీకటి పడ్డాక చందమామను వెతికిపెట్టాలి. ఆ పని చేయలేమనుకునేవాళ్లు ఎనిమిది వేలు పెట్టకపోవడమే నయం. ఆదివారం పిల్లను బిర్లా ప్లానిటోరియానికి తీసుకెళ్తే అంతకన్నా ఎక్కువ ఆకాశం ఇంటికొస్తుంది.

చివరగా అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "70 మిల్లీమీటర్లంటే చిన్నది కదండీ, రెండేళ్లలో చాలదేమో?" చాలకపోవాలనే నా కోరిక. రెండేళ్ల తర్వాత కూడా చాలుతోందంటే అది అటక మీద ఉందని అర్థం. చాలడం లేదని పాప తనంతట తానే అడిగిన రోజున, ఏ చుక్క చూడాలనుకుని చూడలేకపోయిందో అడగండి. పేరు పెట్టి చెప్పిందా, పెద్దది కొనండి. పాతదాన్ని మాత్రం అటకెక్కించకుండా కృత్తికలు అప్పుడే నేర్చుకుంటున్న ఇంకో పిల్లకు ఇచ్చేయమనండి.