ఓడెక్కిన వారి పక్షాన

ఓడ మునిగితే యజమాని ఆస్తి కూడా దానితోనే మునుగుతుంది. ఒక్కో ఓడకు ఒక్కో కంపెనీ పెట్టడం నౌకా వ్యాపారంలో మామూలే. ఆ ఒక్క ఓడా పోయాక కోర్టు డిక్రీ చేతిలో ఉన్నా బాధితులకు వసూలయ్యేది ఏముంటుంది? ప్రయాణికుల నౌకలకు బాధ్యతా బీమా తప్పనిసరి కావడానికి మూలం ఈ ప్రశ్నే. దానికి తెలుగులో ఇంత సమగ్రంగా జవాబు చెప్పిన ఈ పుస్తక రచయిత్రిని మనసారా అభినందిస్తున్నాను.

1974 నాటి ఏథెన్స్ ఒప్పందం ప్రయాణికుడికి పరిహారపు హక్కు ఇచ్చింది కానీ, ఆ డబ్బుకు పూచీ చూపలేదు. 1987లో జీబ్రుగ రేవు దగ్గర ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ ఓడ బోల్తాపడి 193 మంది, 1994లో బాల్టిక్ సముద్రంలో ‘ఎస్తోనియా’ మునిగి 852 మంది చనిపోయారు. ఏథెన్స్ ఒప్పందాన్ని సవరించిన 2002 ప్రొటోకాల్ పూచీ లేని ఆ లోటు తీర్చింది. అది 2014 ఏప్రిల్ 23 నుంచి అమల్లో ఉంది. పన్నెండు మందికి మించి ప్రయాణికులను ఎక్కించుకునేందుకు అనుమతి ఉన్న ఓడకు తలకు కనీసం 2,50,000 ఎస్‌డీఆర్‌ల బీమా ఉండాలి. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి విలువకట్టే లెక్క ప్రమాణం. ఓడ మునిగినా, ఢీకొన్నా, తగలబడినా ఆ మొత్తం వరకు యజమాని తప్పును బాధితుడు రుజువు చెయ్యనక్కర్లేదు. యుద్ధం వంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. రచయిత్రి వాటినీ దాచకుండా చెప్పింది.

నాకు మరీ నచ్చింది, బీమా సంస్థ మీద నేరుగా దావా వేసే హక్కు గురించిన అధ్యాయం. యజమాని దివాలా తీశాడన్న సాకు అక్కడ చెల్లదు. చట్టానికి ప్రాణం పోసిన నిబంధన ఇదేనని నా అభిప్రాయం. ఓడ యజమానులు తమలో తాము కూడి నడుపుకునే పీ అండ్ ఐ క్లబ్బులు ఈ పరిహార భారాన్ని ఎలా పంచుకుంటాయో కూడా ఆమె తేటతెల్లం చేసింది.

ఏథెన్స్ ఒప్పందం సముద్ర ప్రయాణాలదే, మన గోదావరి లాంచీలకు వర్తించదు. అయినా 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగిన ఘోరం చూసిన మనకు ఈ పుస్తకం పరాయిది కాదు. 2021 నాటి దేశీయ జలమార్గ నౌకల చట్టం యాంత్రిక నౌకలకు బీమా తప్పనిసరి చేసింది. కాగితం మీది ఆ నిబంధన రేవులో అమలు కావాలి.

న్యాయవాదులు, నావికులు, రేవు అధికారులు ఈ పుస్తకాన్ని చదవాలి. ప్రయాణికులారా, టికెట్టు కొనేటప్పుడు ఓడకు బీమా ఉందా అని అడగండి. అడగడం మీ హక్కు.