ఆర్థికసంస్థల ‘ఆధునిక బానిసత్వ’ ప్రకటనలు – భాష, బాధ్యత: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

బ్రిటన్ 2015లోను, ఆస్ట్రేలియా 2018లోను చేసిన చట్టాల ప్రకారం పెద్ద వ్యాపారసంస్థలు తమ కార్యకలాపాలలోను, సరఫరా గొలుసులలోను బానిసత్వ నివారణకు చేపట్టిన చర్యలను ఏటా ప్రకటించాలి. బ్యాంకులు, బీమాసంస్థలు, పెట్టుబడినిధులు వెలువరించే ఇటువంటి ప్రకటనలు నేడు ఒక ప్రత్యేక రచనారూపంగా స్థిరపడ్డాయి. ఈ రచనారూపం నిర్మాణాన్ని, వాక్యసరళిని, అది స్పృశించకుండా వదిలివేసే అంశాలను ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. భారతదేశపు వెట్టిచాకిరి నిర్మూలన చట్టం (1976) అప్పును చూసిన తీరుతో పోల్చి, ‘చెప్పే బాధ్యత’కు, ‘నిరూపించే బాధ్యత’కు గల అంతరాన్ని వివరిస్తుంది.

కీలకపదాలు: ఆధునిక బానిసత్వం, వెట్టిచాకిరి, సరఫరా గొలుసు, ఆర్థికసంస్థలు, రుజువుభారం, కర్మణి ప్రయోగం.

1. ఉపోద్ఘాతం:

బ్రిటిష్ పార్లమెంటు 1833లో బానిసత్వ రద్దు చట్టాన్ని ఆమోదించినప్పుడు 2 కోట్ల పౌండ్లను నష్టపరిహారంగా నిర్ణయించింది. ఆ మొత్తం బానిసలుగా బతికినవారికి చెందలేదు. వారిని ఆస్తిగా లెక్కించుకున్న యజమానులకు చెందింది. అందుకు అవసరమైన ధనంలో ఎక్కువ భాగాన్ని ప్రభుత్వం 1835లో లండన్ ఋణదాతల నుండి అప్పుగా తెచ్చింది. ఆ అప్పు తాలూకు చివరి బకాయి 2015లో తీరింది. బ్రిటన్ ‘ఆధునిక బానిసత్వ చట్టం’ చేసిన సంవత్సరం కూడా అదే.

ఈ రెండు సంఘటనలు ఒకే సంవత్సరంలో జరగడం యాదృచ్ఛికమే. అయినా ఆర్థికరంగం గురించి ఆలోచించేవారికి అది ఒక సత్యాన్ని గుర్తుచేస్తుంది. బానిసత్వ చరిత్రలో ధనసంస్థలు ఒడ్డున నిలబడి చూసిన సాక్షులు కావు. ఓడలకు బీమా, తోటలకు ఋణం, రద్దుకు పరిహారం – ప్రతి దశలోనూ వాటి వ్యాపారం ఉంది. ఈ నేపథ్యంలో ఒక ఆర్థికసంస్థ నేడు తన ‘సరఫరా గొలుసు’ గురించి ప్రకటన చేసేటప్పుడు ఆ గొలుసును ఎక్కడ మొదలుపెట్టి, ఎక్కడ ముగిస్తున్నదన్నది మౌలికమైన ప్రశ్న.

సమస్య పరిమాణం చిన్నది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, వాక్ ఫ్రీ, అంతర్జాతీయ వలసల సంస్థ కలిసి 2022లో విడుదల చేసిన అంచనా ప్రకారం 2021లో ఏ రోజున చూసినా 4.96 కోట్ల మంది ఆధునిక బానిసత్వంలో ఉన్నారు. వారిలో 2.76 కోట్ల మంది నిర్బంధశ్రమలోను, 2.2 కోట్ల మంది నిర్బంధ వివాహాలలోను ఉన్నారు. నిర్బంధశ్రమ ద్వారా ఏటా లభించే అక్రమలాభం 23,600 కోట్ల డాలర్లని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో అంచనా వేసింది. అంత ధనం ఏదో ఒక రూపంలో ఆర్థికవ్యవస్థ గుండా ప్రవహించక తప్పదు.

2. చట్టం కోరేదేమిటి?

బ్రిటన్ చట్టంలోని 54వ సెక్షన్ 3.6 కోట్ల పౌండ్లు, అంతకుమించిన వార్షిక వ్యాపారం గల సంస్థలకు వర్తిస్తుంది. ప్రకటనను డైరెక్టర్ల బోర్డు ఆమోదించాలి, ఒక డైరెక్టరు సంతకం చేయాలి, సంస్థ వెబ్‌సైటు మొదటిపుటలో దానికి దారి కనిపించాలి. సంస్థ నిర్మాణం, విధానాలు, ముందస్తు పరిశీలన, ముప్పు ఉన్న విభాగాలు, చర్యల ఫలితం, శిక్షణ అనే ఆరు అంశాలను చట్టం పేర్కొన్నది. అయితే ఆ అంశాలు ఉండాలని అది శాసించలేదు, ఉండవచ్చునని మాత్రమే చెప్పింది. అంతేకాదు, ఎటువంటి చర్యలూ తీసుకోలేదని ప్రకటించినా చట్టాన్ని పాటించినట్లే అవుతుంది.

ఆస్ట్రేలియా చట్టం ఒక అడుగు ముందుకు వేసింది. 10 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల వార్షికాదాయం గల సంస్థలకు అది వర్తిస్తుంది. ఏ అంశాలు చెప్పాలో అది తప్పనిసరి చేసింది. ప్రకటనలన్నింటినీ ఒకే బహిరంగ పట్టికలో ఉంచుతున్నది. కాని ప్రకటన చేయని సంస్థకు జరిమానా విధించలేదు. ఆ చట్టంపై ఆచార్య జాన్ మెక్‌మిలన్ 2023లో సమర్పించిన సమీక్ష జరిమానాలను, ముందస్తు పరిశీలన వ్యవస్థను నెలకొల్పే బాధ్యతను సిఫారసు చేయడం ఈ లోపానికి నిదర్శనం.

దీనినిబట్టి ఈ చట్టాల స్వభావం స్పష్టమవుతున్నది. అవి సంస్థకు ‘చెప్పే బాధ్యత’ను అప్పగించాయి. చెప్పినది పాఠకులు, వాటాదారులు, కార్మికసంఘాలు చదివి ప్రశ్నిస్తారని ఆశించాయి. అందువల్ల ఈ ప్రకటనల భాషను పరిశీలించడం కేవలం శైలీవిమర్శ కాదు. చట్టం తన బరువంతటినీ మోపింది ఆ భాషపైనే.

3. ప్రకటన భాష:

ఈ ప్రకటనలలో తరచుగా కనిపించే మూడు వాక్యరీతులను గుర్తించవచ్చు.

మొదటిది నిరాకరణ వాక్యం. సంస్థ బానిసత్వాన్ని ఏ రూపంలోనూ సహించదన్న భావం దానిలో ఉంటుంది. ఇది విలువను ప్రకటిస్తుందే తప్ప పనిని చెప్పదు. దానిని తోసిపుచ్చగల సాక్ష్యం ఏమిటో ఊహించడం కష్టం. కాదనడానికి వీలులేని వాక్యం సమాచారం అనిపించుకోదు.

రెండవది తగ్గింపు వాక్యం. ఆర్థికరంగంలో పనిచేసేవారు విద్యావంతులైన ఉద్యోగులు కాబట్టి ముప్పు తక్కువని అది చెబుతుంది. సంస్థ సొంత ఉద్యోగుల విషయంలో ఇది చాలావరకు నిజమే. అయితే ‘ముప్పు’ అన్న మాట తెలుగులో చతుర్థీ విభక్తిని కోరుతుంది. ముప్పు ఎవరికి? ఆర్థికసంస్థల పరిభాషలో అది సాధారణంగా సంస్థకు, దాని పేరుప్రతిష్ఠలకు, పెట్టుబడికి కలిగే నష్టభయం. ఐక్యరాజ్యసమితి 2011లో ఆమోదించిన వ్యాపార–మానవహక్కుల మార్గదర్శక సూత్రాలు మాత్రం మనుషులకు కలిగే ముప్పును కొలవమంటాయి. ఒకే మాట రెండు అర్థాల మధ్య జారిపోతున్నప్పుడు ‘ముప్పు తక్కువ’ అన్న నిర్ధారణ ఏ అర్థంలో చేసినదో పాఠకునికి తెలియదు.

మూడవది శూన్యఫల వాక్యం. ఈ ఏడాది బానిసత్వ ఘటనలేవీ గుర్తించబడలేదని అది చెబుతుంది. ఈ వాక్యాన్ని తెలుగు వ్యాకరణదృష్టితో చూడడం ప్రయోజనకరం. కర్మణి ప్రయోగం తెలుగు నుడికారానికి అంత సహజం కాదని వ్యాకర్తలు చెబుతూనే వచ్చారు. ‘గుర్తించబడలేదు’ అన్నదానిని కర్తరిలోకి మార్చబోతే కర్తను నిలపక తప్పదు: ఎవరు వెదికారు? ఎక్కడ వెదికారు? ఎవరిని అడిగారు? కార్మికుని భాషలో, యజమాని ఎదుట లేనప్పుడు అడిగారా? ఈ ప్రశ్నలకు జవాబున్న ప్రకటనలో ‘దొరకలేదు’ అన్న మాటకు విలువ ఉంటుంది. జవాబు లేనప్పుడు సున్నా అన్నది ఫలితం కాదు, వెదకకపోవడానికి మరో పేరు.

భారతదేశంలోని విద్యార్థులకు ఈ విషయం దూరమైనది కాదు. సెబీ నిర్దేశించిన వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదికలో అగ్రశ్రేణి వెయ్యి లిస్టెడ్ సంస్థలు నిర్బంధశ్రమపై వచ్చిన ఫిర్యాదుల సంఖ్యను తెలపాలి. అక్కడ సున్నా కనిపించినప్పుడు, అది అన్యాయం లేకపోవడం వల్లనా, ఫిర్యాదు చేసే దారి లేకపోవడం వల్లనా అన్న ప్రశ్న అడగవలసిందే.

4. గొలుసు ఏ వైపు సాగుతుంది?

ఆర్థికసంస్థల ప్రకటనలు సాధారణంగా శుభ్రత, భద్రత, భోజనశాల, ఏకరూప దుస్తులు, కంప్యూటర్ పరికరాలు, పొరుగుసేవలు అనే వరుసలో సరఫరాదారులను పరిశీలిస్తాయి. ఈ పరిశీలన అనవసరం కాదు. విదేశీ బ్యాంకులు, పెట్టుబడిసంస్థలు అనేకం తమ సేవాకేంద్రాలను హైదరాబాదులో నడుపుతున్నాయి. ఆ భవనాలను రాత్రివేళ తుడిచేవారు, ద్వారం వద్ద నిలబడేవారు గుత్తేదారు కింద, కొన్నిచోట్ల ఉపగుత్తేదారు కింద పనిచేస్తారు. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన నిర్బంధశ్రమేనని ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1982లో తీర్పు చెప్పింది. ఆకలి కలిగించే నిర్బంధాన్ని కూడా ఆ తీర్పు నిర్బంధంగానే గుర్తించింది. ఈ ప్రమాణంతో చూస్తే కార్యాలయపు ఒప్పందాలను పరిశీలించవలసిన అవసరం చాలా ఉంది.

అయినా అది గొలుసులో ఒక వైపు మాత్రమే. బ్యాంకు కొనే వస్తువులు దాని వ్యాపారంలో అల్పభాగం. అది అమ్మేది ఋణం, బీమా, పెట్టుబడి, చెల్లింపుసేవ. ఇటుకబట్టీకి, చేపలవేట ఓడకు, చేతితొడుగుల కర్మాగారానికి, గల్ఫ్‌లో కట్టడాల సంస్థకు చేరే ధనం ఈ వైపున ప్రయాణిస్తుంది. ఋణవితరణ, పెట్టుబడి కూడా ‘కార్యకలాపాల’ కిందికే వస్తాయని ఆస్ట్రేలియా ప్రభుత్వ మార్గదర్శకం వివరించింది. కొనుగోలు విభాగం దగ్గరే ఆగిపోయే ప్రకటన కాపలాదారు జీతాన్ని పరిశీలించి, ఋణగ్రహీత కర్మాగారాన్ని పరిశీలించదు.

దీని పర్యవసానం ఎంత తీవ్రమో ఆస్ట్రేలియాలోని వెస్ట్‌పాక్ బ్యాంకు ఉదంతం నిరూపించింది. అక్కడి ఆర్థిక నిఘాసంస్థ ఆస్‌ట్రాక్ 2019 నవంబరులో ఆ బ్యాంకుపై 2.3 కోట్లకు పైగా ఉల్లంఘనలు ఆరోపిస్తూ కోర్టుకు వెళ్లింది. ఫిలిప్పీన్స్‌కు, ఆగ్నేయాసియాకు తరచుగా చిన్నమొత్తాలు పంపిన కొందరు ఖాతాదారుల లావాదేవీలలో పిల్లల లైంగిక దోపిడీని సూచించే లక్షణాలున్నా తగిన పరిశీలన జరగలేదన్నది వాటిలో అత్యంత తీవ్రమైనది. 2020లో ఫెడరల్ కోర్టు 130 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానాను ఆమోదించింది. ఈ లోపం సరఫరాదారుల పట్టికలో దొరికేది కాదు. అది బ్యాంకు రోజూ అమ్మే సేవలోనే ఉంది. ఇక్కడ గమనించవలసిన మరో విషయం: జరిమానా పడింది బానిసత్వ ప్రకటన చట్టం కింద కాదు, అక్రమధన నిరోధక చట్టం కింద. ఒకటి చెప్పమన్నది, మరొకటి చేయమన్నది.

5. అప్పు, వెట్టి, రుజువుభారం:

తెలుగు సమాజానికి ఈ విషయంలో తనదైన పదసంపద, అనుభవం ఉన్నాయి. నిజాం పాలనలోని తెలంగాణలో అధికారులకు, దేశముఖులకు కులవృత్తులవారు కూలి లేకుండా చేయవలసిన సేవ ‘వెట్టి’. అప్పు తీరేవరకు, తరచుగా తరాల తరబడి, ఋణదాత పొలంలో పనిచేసేవాడు ‘భగేలా’. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవల ఆ దొరల పాలనను చిత్రించింది. ఈ మాటలలో చేసేవాడూ చేయించుకునేవాడూ ఇద్దరూ కనిపిస్తారు. ‘ఆధునిక బానిసత్వ ముప్పు’ అన్న పదబంధంలో ఇద్దరూ కనిపించరు.

1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ఈ అనుభవాన్ని శాసనభాషలోకి తెచ్చింది. కార్మికుని విడిపించడంతో అది ఆగలేదు. 6వ సెక్షన్ ద్వారా అతనిని కట్టివేసిన అప్పును కూడా రద్దుచేసింది. 15వ సెక్షన్ మరింత విశిష్టమైనది. ఒక అప్పు వెట్టి అప్పు అని కార్మికుడు గాని, విజిలెన్స్ కమిటీ గాని అన్నప్పుడు, అది కాదని నిరూపించే భారం ఋణదాతపై పడుతుంది. బలహీనుడు సాక్ష్యం సంపాదించలేడని, కాగితాలు బలవంతుని చేతిలోనే ఉంటాయని ఆ చట్టం గ్రహించింది.

ఈ చట్టం గ్రామాలలో సంపూర్ణంగా అమలైందనడం సత్యదూరం. పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా ప్రాంతాల కుటుంబాలు సర్దారుల వద్ద అడ్వాన్సు తీసుకుని నేటికీ తెలంగాణ ఇటుకబట్టీలకు వస్తున్నాయి. జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుండి గల్ఫ్‌కు వెళ్లే కార్మికులలో అనేకులు ఏజెంటుకు చెల్లించే సొమ్మును వడ్డీకి తెస్తారు. అక్కడ పాస్‌పోర్టు యజమాని చేతికి చేరితే అప్పు, నిర్బంధం ఒకటవుతాయి. గుర్తింపుపత్రాల స్వాధీనం, వేతనాల నిలిపివేత, ఋణబంధం – ఈ మూడూ అంతర్జాతీయ కార్మిక సంస్థ పేర్కొన్న పదకొండు నిర్బంధశ్రమ సూచికలలో ఉన్నాయి.

అమలులో లోపాలున్నా రెండు శాసనాల మధ్య భేదం చెరగదు. 1976 చట్టం కింద విముక్తి పొందిన కార్మికునికి ఒక పత్రం, అప్పు రద్దు లభిస్తాయి. ప్రకటనల చట్టం కింద అతనికి లభించేది తన గురించి వేరొకరు వ్రాసిన పేరా. మొదటిదానిలో నిరూపణ ఋణదాత పని. రెండవదానిలో సంస్థ పని చెప్పడమే. అది తప్పని నిరూపించే పని ఎవరికీ అప్పగించనందువల్ల చివరకు బాధితునిదే అవుతుంది.

6. సమర్థన వాదాల పరిశీలన:

ప్రకటనలు నిష్ప్రయోజనమని తేల్చివేయడం అన్యాయం. వాటివల్ల బోర్డు సమావేశాలలో ఈ అంశం చర్చకు వచ్చింది. బహిరంగ పట్టిక ఉండడం వల్ల పరిశోధకులు ఏడాదికేడాది పోల్చి చూడగలుగుతున్నారు. ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం కేంద్రంగా సాగిన ‘ఫాస్ట్’ కార్యక్రమం బానిసత్వం నుండి బయటపడినవారికి బ్యాంకుఖాతాలు కల్పించే ప్రయత్నానికి దారితీసింది. ఖాతా లేని మనిషి మళ్లీ వడ్డీవ్యాపారి దగ్గరికే వెళతాడు కనుక ఇది నిజమైన నివారణ.

మరొక వాదం ఉంది. గొలుసు చివర వరకు బాధ్యత వహించమంటే సంస్థలు అనుమానాస్పద ప్రాంతాల నుండి, రంగాల నుండి ఋణాన్ని ఉపసంహరించుకుంటాయని, అందువల్ల నష్టపోయేది కార్మికుడేనని అంటారు. ఈ ఆందోళన నిరాధారమైనది కాదు. అయితే వైదొలగడం ఒక్కటే మార్గం కాదు. మలేషియాలోని టాప్ గ్లోవ్ సంస్థ ఉత్పత్తులను 2020లో అమెరికా సుంకశాఖ నిలిపివేసింది. ఆ తర్వాత సంస్థ తన వలసకార్మికులకు వారు చెల్లించిన నియామక రుసుములను తిరిగి ఇచ్చింది. 2021లో నిషేధం తొలగింది. షరతు స్పష్టంగా ఉండి, పరిహారం కార్మికుని చేతికి చేరడమే లక్ష్యమైనప్పుడు ఆర్థికబలం మేలు చేయగలదు. ఋణ ఒప్పందంలో అటువంటి షరతు వ్రాయగల శక్తి బ్యాంకుకు ఉంది.

7. ముగింపు:

ఆర్థికసంస్థల ప్రకటనలను అంచనా వేయడానికి ఈ పరిశీలన నుండి మూడు ప్రమాణాలు ఏర్పడుతున్నాయి. ఒకటి, వాక్యంలో కర్త ఉన్నాడా? వెదికినవారు, వెదికిన చోటు, అడిగిన మనిషి తెలుస్తున్నారా? రెండు, గొలుసు కొనుగోళ్లతో ఆగిందా, ఋణం, పెట్టుబడి, చెల్లింపుసేవల దాకా సాగిందా? మూడు, తప్పు దొరికినప్పుడు కార్మికునికి దక్కినది ఏమిటి? ఎంత సొమ్ము తిరిగి వచ్చింది, ఏ అప్పు రద్దయింది?

ఈ ప్రమాణాలకు నిలిచే ప్రకటన బహుశా సున్నా ఘటనలను చూపదు. నిజంగా వెదికిన సంస్థకు ఏదో ఒకటి దొరుకుతుంది. దొరికినదాన్ని చెప్పిన సంస్థను చెప్పనిదానికంటే హీనంగా చూడకపోవడం పాఠకుల బాధ్యత. చట్టాలు రుజువుభారాన్ని ఋణదాత వైపు జరిపేవరకు ఈ ప్రకటనలను శ్రద్ధగా చదవడమే కార్మికుని పక్షాన మిగిలిన సాధనం. అర్ధశతాబ్దం క్రితం భారత శాసనకర్తలు ఒక అప్పుకాగితం ముందు నిలబడి వేసిన ప్రశ్నే నేటికీ వేయవలసిన ప్రశ్న: ఇది వెట్టి కాదని నిరూపించవలసింది ఎవరు?